గురుబారి నాలుక

తంగేడిపుట్టులో దేవుడికి గుడి లేదు, గోపురం లేదు. కొండ మొదట్లో మూడు నల్లరాళ్లున్నాయి. వాటిని జాకరి అంటారు. రాళ్లు ఊరికే గుర్తుకి. అసలు దేవత ఆ రాళ్ల కింద ఉన్న మట్టే. ఏడాదికి నాలుగుసార్లు ఆ మట్టిని అడగందే ఊరు కదలదు. మామిడికొత్త అనే తొలికాపు పండగ చెయ్యకుండా మామిడికాయ కొరికినవాడు ఆ ఊళ్లో పుట్టలేదు. విత్తుల పండగ కాకుండా గింజ నేలలో పడదు. సామకొత్త, చిక్కుడుకొత్త కూడా అంతే. అడిగేది ఊరు, చెప్పేది నేల, మధ్యలో నాలుక మాత్రం దిసారిది. దిసారి అంటే ఆ కొండ మీద పండగలకి పొద్దు పెట్టే పెద్ద. చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకుంటాడు. నేల నిద్రలో ఉంటే వగరు. పొర్లుతుంటే పులుపు. లేచిందంటే సన్నటి తీపి. "లేచింది" అని అతను అంటే డప్పు మోగుతుంది. అతను అనకపోతే కలెక్టరే వచ్చి చెప్పినా మోగదు.

ఆ దిసారి కిముడు గాసన్న. వయసు నలభై ఎనిమిది. ఐదో తరగతిలోనే బడికి దండం పెట్టేశాడు. చదువుకున్నవాళ్లంటే అతనికి అప్పటినుంచీ పడదు.

అతని నాలుక చచ్చిపోయి పద్దెనిమిదేళ్లయింది.

పదిహేనో ఏటనే అడ్డపొగ మరిగాడు. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. వాళ్లమ్మా అలాగే తాగింది, మేనత్తా అలాగే తాగింది. ముప్పయ్యో ఏడు వచ్చేసరికి అంగిలి తోలులా కాలిపోయింది, నాలుక చెక్కముక్క అయిపోయింది. తండ్రి పోయి దిసారితనం భుజాన పడ్డ మొదటి పండగనాడు చిటికెడు మట్టి నాలుక మీద వేసుకున్నాడు. ఏమీ తెలియలేదు. వగరూ లేదు, పులుపూ లేదు. నలభై గడపలవాళ్లు ఊపిరి బిగపట్టి చూస్తున్నారు.

అప్పుడు చేతిలో ఉన్న దొప్ప వంక చూశాడు. చేలోంచి మట్టి తెచ్చేది దిసారి పెళ్లాం. అది ఆచారం. అడ్డాకు దొప్పలో తెస్తుంది. ఆ రోజు గురుబారి ఆ దొప్పని చేతికిస్తూ ఆకు తొడిమని అతని వైపు తిప్పి పట్టుకుంది. ఎందుకో అతనికి అర్థమైంది. "లేచింది" అన్నాడు. మూడో రోజుకి వాన పడింది.

అప్పట్నుంచీ అంతే. తొడిమ తన వైపుంటే లేచినట్టు, అవతలి వైపుంటే పడుకున్నట్టు. దారిలో ఆమె రవ్వంత మట్టి నోట్లో వేసుకుంటుందని అతనికి తెలుసు. అతనికి తెలుసని ఆమెకీ తెలుసు. పద్దెనిమిదేళ్లలో ఇద్దరూ ఆ సంగతి ఒక్కసారైనా పైకి అనుకోలేదు. కాపురం కంటే గట్టిగా నడిచింది ఆ మౌనం.

*

కాఫీతోటల అవతల రేకుల కప్పుతో ఒక పరిశోధన కేంద్రం ఉంది. అక్కడికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ పేరు సువర్చల. మందులిచ్చే డాక్టరు కాదు, మట్టి డాక్టరు. ఒకరోజు ఊరి పెద్ద సోమ్రా నాయుణ్ణి వెంటబెట్టుకుని గాసన్న అరుగు మీదికి వచ్చింది. బల్లమీద కూర్చోమంటే వద్దని నేలమీదే కూర్చుంది. అదీ గాసన్నకి నచ్చలేదు. అణకువలో కూడా చదువుంటుంది వీళ్లకి.

ఆమె సంచిలోంచి ఒక గాజుబిళ్ల తీసింది. దాని మీద ఉల్లిపొర కంటే పల్చగా ఏదో పరిచి ఉంది.

"ఇది మీ మట్టిలోని బూజు పోగుల నుంచే పెంచాం," అంది. "ఒకే పొరని రెండు ముక్కలు చేశాం. ఒకటి నాలుక మీద, ఇంకోటి ఇనపకడ్డీకి చుట్టి చేలో పాతిపెడతాం. ఆ రెంటినీ కలిపేందుకు పంటికి పెసరగింజంత బిళ్ల ఒకటి అంటిస్తాం. ఇక్కడ నాలుకకి ఏది తెలిస్తే అక్కడ కడ్డీకి అది తెలుస్తుంది. ఒక్క కారు మీరు రోజూ మట్టి రుచి చూసి ఇది వగరు, ఇది తీపి అని చెబితే, కడ్డీ నేర్చేసుకుంటుంది. తర్వాత నేల లేచిన రోజున దానంతటదే పచ్చదీపం వెలిగిస్తుంది."

"ఎందుకమ్మా?" అన్నాడు గాసన్న. "నాను సెప్తన్నాను గదా."

"వానలు మారిపోతున్నాయి దిసారిగారూ. పక్క ఊళ్లలో దిసారులే లేరు. మీలాంటి నాలుక ఇంకెక్కడా మిగల్లేదు. మీ తర్వాత?"

నాయుడు పొంగిపోయాడు. "సూసినావేటి దిసారి బావా! నీ నాలిక ఎల్లకాలం ఉండిపోతాదంట!"

గాసన్న ఆ గాజుబిళ్ల వంకే చూశాడు. ఆ పొర తన నాలుక మీద పరిస్తే ఏం తెలుస్తుంది? చెక్కముక్క మీద పరిచినట్టే.

"నేలతల్లి మాట మిషన్‌కి సెప్పమంటావేటి?" అని లేచి నిలబడ్డాడు. "మా అయ్య సెప్పనేదు, మా తాత సెప్పనేదు. నా నోట్లో ఎవలి బూజూ ఎట్టనివ్వను. ఎల్లండి."

డాక్టరమ్మ మొహం చిన్నబుచ్చుకుని లేచింది. గుమ్మం దగ్గర చోళ్లు చెరుగుతున్న గురుబారి చేటని కింద పెట్టింది.

"నాను రానా అమ్మా?" అంది.

గాసన్న తిరిగి చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"మట్టి మోసినదాన్ని గదా. కూసింత రుచి నాకూ తెలుస్తాది."

*

కూసింత కాదు. ఆ మాట వారం తిరక్కుండానే తేలిపోయింది.

డాక్టరమ్మ పదహారు చేల మట్టి పదహారు గిన్నెల్లో పెట్టి, మూతలు వేసి, కలిపేసి ఇచ్చిందట. ఏది ఎవరి చేనో, ఏది ఎన్ని రోజుల కింద తడిసిందో, ఏ మట్టిలో ఎరువుందో గురుబారి ఒక్కటీ తప్పకుండా చెప్పిందట. డాక్టరమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టిందట. ఇదంతా గాసన్నకి ఊటగెడ్డ దగ్గర అయితమ్మ చెప్పింది. అయితమ్మకి డెబ్బై ఏళ్లు. నోటికి మూత లేదు.

"ఏటి గాసన్నా, మీ ఇంట్లో దిసారి ఎవలు? మొలతాడు నీకుంది, నాలిక దానికుందంట గదా!"

నీళ్లకొచ్చిన ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. గాసన్న బిందె నింపకుండానే తిరిగొచ్చేశాడు.

పండగల రోజుల్లో తన ముందు ఒంగిన తలలు ఇప్పుడు గురుబారి ముందు ఒంగడం మొదలెట్టాయి. ఎవరికి చెయ్యి ఖాళీ ఉంటే వాళ్లు గుప్పెడు మట్టి పట్టుకొచ్చి "కొంచెం సూడు వదినా" అని అరుగెక్కేవారు. వాళ్లు దాటుకుంటూ వచ్చేది అతన్నే. "దిసారి బావున్నాడా" అని అడిగి, జవాబు వినకుండా లోపలికి పోయేవారు.

అంతకంటే అతన్ని కాల్చింది ఇంకోటి. పొయ్యి దగ్గర కూర్చుని కూర కలుపుతూ ఆమె ఉన్నట్టుండి ఆగిపోయేది. పెదవుల మీద నవ్వు వచ్చేది.

"ఏటే, ఎవలితో నవ్వుతన్నావు?"

"ఎవలితోటీ కాదు. మెరకచేలో తడి పైకొస్తంది. ఇక్కడికి తెలుస్తంది." నాలుక కొన చూపించింది. దానిమీద పొర సన్నగా మెరిసింది. "కడ్డీకి తెలిసిందల్లా నాకూ కొంచెం కొంచెం తెలుస్తాదంట. డాక్టరమ్మ సెప్పింది. వానపాములు కదిలితే ఏటవుతాదో తెలుసా మావా? బెల్లం ముక్క కరిగినట్టు ఉంటాది."

మావా అని పిలిచి చాలా రోజులైంది. ఆ పిలుపు కూడా అతనికి మంటగానే తగిలింది. తరతరాలుగా ఆ నేలతల్లి తమ వంశంతో మాట్లాడింది. ఇప్పుడు తన ఇంట్లో, తన పొయ్యి ముందు, తన పెళ్లాంతో గుసగుసలాడుతోంది. తను పక్కనే కూర్చుని చెవిటివాడిలా చూస్తున్నాడు. పెళ్లాం పరాయివాడితో నవ్వితే కొట్టవచ్చు, తిట్టవచ్చు. మట్టితో నవ్వితే ఏం చేస్తాడు?

"కూర మాడతంది సూసుకో," అని చుట్ట వెలిగించి, నిప్పు నోట్లోకి తిప్పుకున్నాడు.

*

రోహిణికార్తె ఎండలు పగలగొడుతున్నాయి. విత్తుల పండగ దగ్గరపడింది. నాయుడు వచ్చి అరుగు మీద కూర్చుని, చెప్పవలసింది చెప్పలేక కాసేపు గోళ్లు గిల్లుకున్నాడు.

"బావా, కోప్పడకు. ఈ తూరి కడ్డీ సెప్పినప్పుడే డప్పు కొడదామని ఊరోళ్లు అనుకుంతన్నారు. నువ్వు డప్పు కాడ పెద్దరికంగా కూకుందువు గాని."

"నాలిక మీద మట్టి ఏసుకోనక్కరనేదా?"

"ఏసుకో, ఏసుకో. ఆచారం గదా. కడ్డీ సెప్పినాక ఏసుకో."

నాయుడు వెళ్లాక గాసన్న చాలాసేపు కదల్లేదు. కడ్డీ చెప్పాక వేసుకోవడం అంటే పెళ్లయ్యాక బాజా ఊదినట్టు. తన తండ్రి ఈ అరుగు మీద దిసారిగా చచ్చిపోయాడు. తను డప్పు దగ్గర కూర్చునే ముసలాడుగా చచ్చిపోతాడు. పేరు గురుబారిది అవుతుంది. ఆ పేరులో సగమైనా తనది కాదు. పద్దెనిమిదేళ్లూ ఆమెదే కదా అని లోపల ఎవరో అన్నారు. ఆ గొంతు నొక్కేశాడు.

మర్నాడు సంతరోజు. ఊరు ఊరంతా చింతపండు బుట్టలు నెత్తిన పెట్టుకుని దిగిపోయింది. గురుబారి పొద్దున్నే చేలోకి వెళ్లొచ్చి, ఏదో చెప్పబోయినట్టు అతని ముందు ఒక క్షణం నిలబడింది. అతను మొహం తిప్పుకున్నాడు. ఆమె ఇక మాట్లాడకుండా కేంద్రానికి వెళ్లిపోయింది.

మిట్టమధ్యాహ్నం గాసన్న బుర్రకాయలో ఇప్పసారా పోసుకుని మెరకచేలోకి నడిచాడు. నేల నెర్రెలిచ్చి ఉంది. మధ్యలో మోకాలెత్తు ఇనపకడ్డీ, దాని తల మీద వెలగని దీపం. చుట్టూ ఎవరో పసుపు చల్లి, బంతిపూలు పెట్టారు. మొక్కేస్తున్నారు అప్పుడే!

లెక్క సులువు. సారా పడితే మట్టిలో పులుపు రేగుతుంది, తీపి ఎగదన్నుతుంది. ముంతలో పులిసే జావకి కూడా తెలిసిన సంగతి ఇది. కడ్డీ వేళకాని వేళ పచ్చదీపం వెలిగిస్తుంది. ఊరు పోగవుతుంది. అప్పుడు తను లేచి "కాదు, నేల నిద్రలో ఉంది" అంటాడు. నక్షత్రం చూసుకుంటే కార్తె మారడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. మిషన్ అబద్ధం, దిసారి నిజం. అంతే.

బుర్రకాయ ఎత్తాడు. వంచబోయి ఆగాడు.

ఆ ఊళ్లో నేలకి ఎవరూ దేన్నీ ఊరికే పొయ్యరు. నేలతల్లికి ఇచ్చేది ఏదైనా ముందు ఇచ్చేవాడి నోట్లో పడాలి. ఎంగిలైతేనే నైవేద్యం. లేకపోతే విషమిచ్చినట్టు లెక్క. చిన్నపిల్లలు కూడా నేలకి నీళ్లు పోసేముందు ఒక గుక్క తాగుతారు. మోసం చెయ్యడానికి వచ్చినవాడికి ఆచారమెందుకు? కానీ నలభై ఎనిమిదేళ్లుగా ఆడిన చెయ్యి ఇంకోలా ఆడలేదు. సారా నోట్లో పోసుకుని, పుక్కిట పట్టి, కడ్డీ మొదట్లోకి బలంగా ఊదాడు. ఒక గుక్క. రెండు. మూడు. బుర్రకాయ ఖాళీ అయ్యేదాకా.

కడ్డీ చుట్టూ మట్టి బుసబుసమని నురగ కక్కింది. పొర ఉన్న చోట సన్నగా పొగ లేచినట్టనిపించింది. టప్‌మని పచ్చదీపం వెలిగింది.

గాసన్న నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. చాలా రోజుల తర్వాత అతనికి ఆకలేసింది.

*

మర్నాడు పొద్దున జాకరి రాళ్ల దగ్గర ఊరంతా పోగయింది. డాక్టరమ్మ మొహంలో నెత్తురు లేదు.

"రెండు రోజులు ఆగండి," అంది. "దీపం వెలిగిన తీరు మామూలుగా లేదు. ఒక్కసారిగా ఎగిరింది. కడ్డీ మీది పొర కాలిపోయింది. ఎందుకో చూడాలి."

"కాలిపోయినా ఎలిగింది గదమ్మా!" అని ఎవరో అరిచారు. "కాలిపోయినదాని మాట ఏటి ఇంటాం?" అని ఇంకొకరు.

"గురుబారిని అడగండర్రా," అంది అయితమ్మ.

గురుబారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నడిచొచ్చి, ఆచారం ప్రకారం, మట్టి ఉన్న దొప్పని గాసన్న చేతికిచ్చింది.

తొడిమ అతని వైపుంది.

గాసన్న దాని వంకే చూశాడు. లేచింది. నేల నిజంగానే లేచింది. నిన్న పొద్దున ఆమె తన ముందు నిలబడి చెప్పబోయింది ఇదే. సారా పొయ్యకపోయినా ఆ సాయంత్రానికి దీపం వెలిగేది.

మొహమెత్తి ఆమెని చూశాడు. ఆమె కూడా చూస్తోంది. ఆ కళ్లలో కోపం లేదు, బతిమాలడమూ లేదు. పద్దెనిమిదేళ్లుగా చూసిన చూపే. నాను సెప్పినాను, ఇక నువ్వు సెప్పు.

"లేచింది" అంటే కడ్డీ గెలిచింది. కడ్డీ గెలిస్తే గురుబారి గెలిచింది.

చిటికెడు మట్టి నాలుక మీద వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"నిద్దరోతంది," అన్నాడు. "తొమ్మిది రోజులు ఆగండి."

డప్పు మోగలేదు. ఊరు ఇళ్లకి వెళ్లిపోయింది. గురుబారి ఒక్కతీ రాళ్ల దగ్గర ఉండిపోయింది, ఖాళీ దొప్ప చేత్తో పట్టుకుని.

*

మూడో రోజు వాన మొదలై ఐదు రోజులు కురిసింది. తొమ్మిదో రోజు డప్పు మోగి, గింజ నేలలో పడేసరికి మబ్బు ఒక్కటి లేదు. ఇరవై రోజులు చుక్క రాలలేదు. మొలిచిన సామ మొలిచినట్టే మాడింది. మళ్లీ చల్లిన విత్తనం సగం చేలల్లోనే పైకొచ్చింది.

దిసారిని ఎవరూ ఒక్క మాట అనలేదు. తప్పంతా కడ్డీ మీద పడింది. నేలతల్లి పొట్టలో ఇనుము గుచ్చితే కోపం రాదా? కడ్డీ పీకి గెడ్డలో పారేశారు. డాక్టరమ్మ వెతికి ఏరుకుంది. కేంద్రంలోంచి రావడం మానేసింది. గాసన్నకి అరుగు మీద పాత మర్యాద తిరిగొచ్చింది, రెండింతలై. వేటని కోస్తే మొదటి వాటా అతని ఇంటికే.

గెలిచినవాడికి కడుపులో చల్లగా ఉండాలి. అతనికి లేదు. గురుబారి మాట తగ్గించేసింది. నాలుక మీది పొరని డాక్టరమ్మ తీసేసిందట. వారం రోజులు మొద్దుబారి ఉంటుందన్నదట. అంతకుమించి ఏమీ చెప్పలేదు. పొయ్యి దగ్గర కూర్చుంటుంది, కూర కలుపుతుంది, నవ్వదు. ఆ మౌనంలో ఏముందో అతనికి తెలియదు. ఇంకా మట్టితో మాట్లాడుతోందేమో, తనకి తెలియకుండా దాచుకుంటోందేమో అని ఆమె పెదాల వంకే చూసేవాడు.

భాద్రపదంలో సామకొత్త వచ్చింది. పండక్కి ముందురోజు నాయుడు దిసారి ఇంట అన్నం తినాలి. అది ఆనవాయితీ. గురుబారి వడ్డించింది. నాయుడు ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. మొహం మెలి తిరిగింది. పెరట్లోకి పరిగెత్తి ఊసి, చెంబెడు నీళ్లు తాగాడు.

"ఏటి సెల్లీ ఇది! కూరేటి, ఉప్పు గల్లేటి? సంద్రం నీళ్లెట్టి వొండినావేటి?"

గాసన్న తన విస్తరి వంక చూసుకున్నాడు. సగం తినేశాడు. అతనికేమీ తేడా తెలియలేదు. అసలెప్పుడూ తెలియదు. ఎన్నాళ్ల నుంచి తింటున్నాడో ఇలా?

గురుబారి గిన్నెలోంచి రవ్వంత తీసి నాలుక మీద పెట్టుకుంది. ఆమె మొహం మెలి తిరగలేదు. గిన్నె కింద పెట్టి, గోడకి చేరబడి కూర్చుంది.

నాయుడు సర్దుకుని వెళ్లిపోయాడు. ఇంట్లో ఇద్దరే మిగిలారు.

"ఏటయ్యింది నీ నాలికకి?" అన్నాడు. తెలుసు, అయినా అడిగాడు.

"కడ్డీ కాలిన పూటే కాలింది. ఆ పొరా ఈ పొరా ఒకటే గదా." కొంగుతో మూతి తుడుచుకుంది. "డాక్టరమ్మ ఏడ్సింది. ఎవలో సారా పోసినారంది. ఎవలో తెలుసా అని అడిగింది. తెల్దన్నాను."

గాసన్న విస్తరి పక్కకి తోశాడు.

"నాకు తెలిసింది మావా. ఆ ఏల డాక్టరమ్మ కాడ కూకోని ఉన్నాను. ముందు ఇప్పసారా వొచ్చింది. దానెనక పొగాకు. కాలిన పొగాకు. నీ నోరు నాకు తెల్దేటి? తొట్టతొలి రేత్రి వొచ్చిన వాసనే." కింద పెట్టిన గిన్నెని దగ్గరికి లాక్కుంది. "కడవతో వొంపేసుంటే ఎవలో ఏటో తెలీకపోను. నువ్వు ఎంగిలి సేసి మరీ పోసినావు."

పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమంది.

"మరింకేటీ తెలీనేదు. అంతే. నా నాలిక మీద ఆకరి రుచి నీదే."

*

సామకొత్తనాడు జాకరి రాళ్ల చుట్టూ ఊరు చేరింది. పండింది సగమే. కొత్త సామల అన్నం కుండల్లో పొగలు కక్కుతోంది. కడుపులు కాలుతున్నా ఎవరూ ముట్టుకోలేదు. దూరంగా దారి పక్కన డాక్టరమ్మ నిలబడి ఉంది. పిలవనిదే దగ్గరికి రాదు.

గురుబారి దొప్ప తెచ్చి ఇచ్చింది. గాసన్న అలవాటు కొద్దీ తొడిమ కోసం చూశాడు. ఆకుకి తొడిమ లేదు. తుంచేసి ఉంది.

చిటికెడు మట్టి నాలుక మీద వేసుకున్నాడు. చెక్క మీద దుమ్ము. కళ్లు మూసుకుని నిలబడ్డాడు. నిలబడ్డాడు. డప్పు పట్టుకున్నవాడు కర్ర ఎత్తి, దించి, మళ్లీ ఎత్తాడు.

"ఏటి బావా?" అన్నాడు నాయుడు మెల్లగా.

గాసన్న ఊసేశాడు. జాకరి ముందు మట్టి ఊసిన దిసారిని ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు.

"నాకు తెల్దు," అన్నాడు. "తెల్దర్రా. నా నాలిక సచ్చిపోయి పద్దెనిమిదేళ్లయ్యింది. మీరు తిన్న కొత్తలన్నీ, మీరు ఏసిన ఇత్తులన్నీ గురుబారి సెప్పినవే. నాను ఉత్తినే నోరాడించినాను. ఇత్తుల పండక్కి కూడా లేచిందనే సెప్పింది. నానే కాదన్నాను. కడ్డీ మీద సారా ఊదింది నానే. దాని నాలిక నానే కాల్సీసినాను."

ఎవరైనా రాయి విసురుతారనుకున్నాడు. విసిరితే బాగుండునని కూడా అనుకున్నాడు. నాయుడి పిడికిళ్లు బిగుసుకున్నాయి. మాడిపోయిన చేలు ఉన్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

అందరికంటే ముందు అయితమ్మ నోరు తెరిచింది.

"నీ ఏడుపు తరవాత ఇంటాం గాని, ఇంతకీ సామ తినొచ్చా, తినకూడదా?"

చెప్పే నాలుక లేదు ఆ ఊళ్లో.

గురుబారి వంగి, రాళ్ల పక్కనుంచి గుప్పెడు మట్టి తీసింది. అయితమ్మ ముందుకి వెళ్లి చెయ్యి చాపింది.

"నువ్వే సూడు అత్తా. పడుకుంటే వగరు, పొర్లితే పులుపు, లేస్తే తీపి. బెమ్మవిద్దె కాదు."

"నానా? నాను దిసారినేటి?"

"నోరుంది గదా. ఇన్నాళ్లూ మాటలకే వాడినావు."

ఎక్కడో ఒక నవ్వు పుట్టి ఆగింది. ముసలమ్మ భయంభయంగా ఒక రవ్వ నాలుక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. ఆమె చుట్టూ ఒక్కొక్క చెయ్యే ముందుకొచ్చింది. నాయుడు, డప్పువాడు, చంటిపిల్లని ఎత్తుకున్న ఓ ఇంటి కోడలు. డాక్టరమ్మని కూడా ఎవరో చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు. ఊరంతా నాలుక మీద మట్టి పెట్టుకుని నిలబడింది.

గాసన్న ఒక్కొక్క మొహమే చూశాడు. ముందు కొంచెం ముడుచుకున్నాయి. తర్వాత కనుబొమలు విడివడ్డాయి. పెదాలు చప్పరించుకున్నాయి. పనికిమాలినవాడనుకున్నవాడి మొహంలో కూడా ఏదో వెలిగింది. పుట్టి బుద్ధెరిగాక అతనికి ఎవరి మీదా ఇంత కుళ్లు పుట్టలేదు. నలభై గడపల మీదా ఒక్కసారే పుట్టింది.

"తీపమ్మా!" అంది అయితమ్మ, ఆశ్చర్యంగా, చిన్నపిల్లలా. "సన్నగా ఉంది, గాని తీపే!"

డప్పు మోగింది. కుండల మూతలు లేచాయి. గాసన్నని ఎవరూ పిలవలేదు. అతను వెనక్కి తిరిగి, రాళ్ల అవతల నీడ లేని చోట కూర్చున్నాడు.

కాసేపటికి గురుబారి ఆకులో రెండు గుప్పెళ్ల కొత్తన్నం పట్టుకొచ్చింది. ఎదురుగా గొంతుక్కూర్చుంది. ముందు తను ఒక ముద్ద తింది. మిగతాది అతని ముందుకి తోసింది.

"తిను," అంది. "ఉప్పెక్కువయ్యిందో తక్కువయ్యిందో మనింట్లో అడిగీవోలు నేరు గదా."